గుప్పిళ్ళ బానలో జొన్నలు

దీనమ్మ నోటికి ఆ వలస క్యాంపులో జడవనివాళ్ళు లేరు. కామందు యలమందయ్య గారంతటి మనిషి కూడా కూలీలను కేకలేసే ముందు ఆ మడిలో దీనమ్మ ఉందేమోనని ఓసారి చూసుకునేవారు. అలాంటిది ఆ ఏడు క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదలైన దగ్గర్నుంచీ ఆమె ఎవర్నీ పల్లెత్తు మాట అనడం లేదు. పక్కింటి సలోమమ్మకు అనుమానం వచ్చి, "బావా, అక్కకి జ్వరమేమన్నా తగిలిందా?" అని చెంచయ్యను అడిగింది కూడా. చెంచయ్య దీనమ్మ మొగుడు, కాలవ గట్టు మీది ఆ చిన్న క్రైస్తవ సంఘానికి పెద్ద. "జ్వరం కాదమ్మా, సంతోషం. ఎన్నాళ్ళుండిద్దో చూద్దాం," అన్నాడాయన గొంతు తగ్గించి.

ఆ సంతోషం ఊరికే రాలేదు. తుంగభద్ర కాలవకు నీళ్ళు వదిలాక గుంటూరు వైపు నుంచి కామందులు రాష్ట్రం దాటి సింధనూరు చుట్టుపట్ల పొలాలు కొనుక్కుని వచ్చారు. వాళ్ళ వెంట నాట్లకూ కోతలకూ దీనమ్మ వాళ్ళూ తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళు ముందు తమకు గుడిసెలు వేసుకున్నారు, ఆ వెంటనే దేవుడికో పాక వేశారు. పాక మీద వెదురుగడకు కాగితపు చుక్క కట్టి, లోపల లాంతరు పెట్టి, డిసెంబరు నెలంతా వెలిగించేవారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ ఏటి వానాకాలంలో కూతురు కుసుమకు నొప్పులొచ్చినప్పుడే దీనమ్మకు ఈ దేశం ఎంత పరాయిదో తెలిసింది.

బండి కట్టుకుని సింధనూరు ఆసుపత్రికి బయల్దేరితే దారిలో నల్లరేగడి చక్రాలను ఇరుసు దాకా మింగేసింది. ఎద్దులు కూలబడ్డాయి. కడుపులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఆ వానలో, మోకాలి లోతు బురదలో నిలబడి దీనమ్మ దేవుణ్ణి వేడుకుందో, తిట్టిపోసిందో ఆమెకే తెలియదు. అప్పుడు కలుపు తీసి ఇంటికి పోతున్న ముసలామె ఒకతె చీర ఎగ్గట్టుకుని, ఎవర్నీ అడక్కుండా బండెక్కింది. ఆమె పక్క ఊరి మంత్రసాని హంపమ్మ. గోనెపట్టాల కింద తల్లినీ బిడ్డనూ రెండు ప్రాణాలుగా విడదీసింది. బిడ్డ ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, వీపున చరిచి, నోట్లో నోరు పెట్టి ఊదింది. పసివాడు కెవ్వుమన్నాడు. దీనమ్మ తేరుకుని చూసేసరికి ముసలామె చేతులు వాననీళ్ళలో కడుక్కుని వెళ్ళిపోతోంది.

అదీ ఆ సంతోషం. దాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక దీనమ్మ సతమతమైపోయింది. ఊరు వెతుక్కుంటూ పోయి హంపమ్మకు చీర పెట్టింది, తమ పాక గుడికి పిలిచింది. హంపమ్మ ఒక ఆదివారం వచ్చింది, తర్వాతా వస్తూనే ఉంది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా మెల్లగా వచ్చి గుమ్మం పక్కన కూర్చునేది, చివరి పాట అవుతుండగానే లేచి వెళ్ళిపోయేది. అయినా దీనమ్మకు తృప్తి లేదు. "ఈ క్రిస్మస్‌కి సంఘమంతా తెల్లన్నం, మాంసం కూర కడుపునిండా తినాలి. అవ్వ మన మధ్యన కూర్చుని తినాలి. అప్పటిదాకా నా కృతజ్ఞత తీరినట్టు కాదు," అని చెంచయ్యతో తెగేసి చెప్పింది.

ఆ గుడిలో క్రిస్మస్ విందుకు ఎవరింటి బియ్యమూ వాడరు. గుంటూరు నుంచి తెచ్చుకున్న ఆనవాయితీ అది. ఆగమన కాలం మొదటి ఆదివారం నుంచి ప్రతి ఇల్లాలూ అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెడుతుంది. ఆదివారం నాడు వాటిని కొంగులో పోసుకొచ్చి, గుడి మూలనున్న బానలో పోస్తుంది. ఎవరు ఎంత పోశారో ఎవరూ చూడరు, చూడకూడదు కూడా. బాన మూతి చిన్నది, మూల చీకటి. ఉన్నవాళ్ళ బియ్యమూ లేనివాళ్ళ బియ్యమూ ఒకటైపోతాయి. హంపమ్మకు ఈ సంగతి చెప్పింది దీనమ్మే. "నువ్వూ ఓ గుప్పెడు గింజలు తెచ్చి పొయ్యవ్వా, నీ చెయ్యి మంచిది," అంది.

గింజలు అంది, బియ్యం అనలేదు. అనాలని తోచనే లేదు. గింజలంటే బియ్యమే కదా మరి, ఇంకేముంటాయి? మనిషి ఎంత తెలివైనదైనా బుద్ధి తన కంచం దాటి పోదేమో! హంపమ్మ ఇంట్లో బియ్యం కనబడేది జబ్బు చేసినప్పుడే. మిగతా రోజులన్నీ జొన్నరొట్టె, జొన్న సంకటి. గుప్పెడు తెమ్మంటే ఆమె ప్రతి ఆదివారం ఒడి నిండా తెచ్చింది, అందరి కళ్ళూ మూసి ఉన్నప్పుడు బానలో పోసింది, తృప్తిగా వెళ్ళి గుమ్మం పక్కన కూర్చుంది.

పండుగ ఇంకో రెండు రోజులుందనగా ఆడవాళ్ళు చాప పరిచి బాన వంచారు.

"అయ్యో నా తల్లో!" అని సలోమమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. చాప నిండా బియ్యమూ జొన్నలూ కలిసిపోయి ఉన్నాయి. అదీ ఇదీ అని తేడా లేకుండా పైనుంచి కింది దాకా.

"ఆ ముసలామె పనే. దేవుడి బియ్యాన్ని కోడిదాణా చేసి పెట్టింది. ఎసట్లో పోస్తే బియ్యం గంజయిపోయినా జొన్న పలుకు చావదు. ఏందక్కా ఇప్పుడు గతి?" అంది.

దీనమ్మ చాప పక్కనే కూలబడింది. ఇంతలో పొలం నుంచి వస్తున్న యలమందయ్య గారు గోల విని గుమ్మం దగ్గర ఆగారు. సంగతి తెలుసుకుని నవ్వారు. "ఈమాత్రానికే ఏడుపెందుకే దీనమ్మా? కొత్త బియ్యం ఓ బస్తా పంపిస్తాలే. ఆ కలగాపులగం గేదెలకి పెట్టెయ్యండి."

ఆయన మంచి మనసుతోనే అన్నారు. పండుగకు మనుషులు పస్తుండకూడదని ఆయన బాధ. కానీ దీనమ్మకు ఎక్కడలేని రోషం వచ్చింది. "వద్దు బాబుగారూ. మా విందు మా గుప్పిళ్ళదే. మీరు పంపితే అది మీ విందు అయిద్ది. ఇంతమందిమి ఉన్నాం, కూర్చుంటే సందేళకి ఏరి పారేస్తాం," అంది. ఆయన "నీ ఇష్టం తల్లీ," అని వెళ్ళిపోయారు.

చేటలు తెచ్చుకుని అందరూ కూర్చున్నారు. జొన్న గుండ్రటిది, చేట వంచితే దొర్లుతుంది. దొర్లినదాన్ని చేత్తో అవతలికి నెట్టడం, నిలిచిన బియ్యాన్ని చాప మీద పోయడం. పని చురుగ్గా సాగింది. కుసుమ పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని తనూ ఒక చేట పట్టింది. సలోమమ్మ జొన్నలను చాప అంచున పోయబోతే దీనమ్మే ఆపింది.

"చాప మీద పొయ్యొద్దే, మళ్ళీ కలుస్తాయి. అవతల పొయ్యి, అవతల!"

అలా చాప మీద బియ్యం కుప్ప, కటిక నేల మీద జొన్నల కుప్ప పెరిగాయి. నేల మీది కుప్పలో ఒక కోడి అప్పుడే ముక్కు పెట్టింది. దాన్ని అదిలించే తీరిక కూడా ఎవరికీ లేదు.

గుమ్మంలో వెలుతురు తగ్గినట్టనిపించి దీనమ్మ తలెత్తింది. హంపమ్మ నిలబడి ఉంది. కొంగు మూట కట్టి పట్టుకుని ఉంది. పండుగకు ముందు ఇంకో ఒడి పోద్దామని వచ్చింది పాపం. ఆమె చూపు చాప మీదికి పోయింది, అక్కడి నుంచి నేల మీదికి, కోడి మీదికి పోయింది. కొంగు మూటను ఇంకాస్త బిగించి కట్టుకుని, వచ్చినంత నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"అవ్వా!" అంది దీనమ్మ. హంపమ్మకు అది వినబడలేదు.

ఒకటే మాట దీనమ్మ చెవుల్లో గింగురుమంటోంది. అవతల. తన నోటి నుంచి వచ్చిన మాట. గుంటూరు దగ్గర తను పుట్టిన ఊళ్ళో, చిన్నప్పుడు, కామందుల ఇంట్లో పెళ్ళి జరిగితే తన తల్లినీ తననూ గొడ్లచావిడి వెనక కటిక నేల మీద కూర్చోబెట్టారు. పని చేసినంతసేపూ ఇల్లంతా తిరిగిన మనుషులు, తినేవేళకి అవతలికి పోవాలి. ఆ రోజు అన్నంలో నెయ్యి కూడా వేశారు. అయినా దీనమ్మ తినలేదు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. మనుషులను అవతల కూర్చోబెట్టని దేవుడున్నాడని తెలిసిన రోజున తన తల్లి ఎంత పొంగిపోయిందో ఆమెకు బాగా గుర్తు. ఆ దేవుడి పాకలోనే, ఆయన పుట్టినరోజు విందుకే, తను ఏం చేసింది? ఎవరి చేతుల్లో తన మనవడు ఊపిరి పోసుకున్నాడో ఆమె గింజలనే నేల మీద పోయించింది. దీనమ్మకు తల కొట్టేసినట్టయింది.

లేచింది. కోడిని తరిమింది. జొన్నల కుప్పను రెండు చేతులా ఎత్తి బియ్యం కుప్ప మీద కుమ్మరించింది.

"అక్కా! నీకేమన్నా పిచ్చి పట్టిందా? పొద్దుట్నుంచీ నడుములు విరగ్గొట్టుకున్నామే!" అని సలోమమ్మ నెత్తీ నోరూ బాదుకుంది.

దీనమ్మ వినలేదు. నేల మీద ఒక్క గింజ మిగలకుండా ఊడ్చి, చెరిగి, చాప మీద పోసి, రెండు చేతులతో పిండి కలిపినట్టు కలిపేసింది. కలుపుతూ ఏడ్చింది, ఏడుస్తూ కలిపింది. "బానలో పోసింది ఏదైనా బానలోదే. అన్నం కాకపోతే ఇంకోటి తింటాం. దీన్ని మళ్ళీ ఎవరన్నా విడదీశారో, చేతులు విరగ్గొడతా," అంది. నెల తర్వాత ఆమె నోరు మళ్ళీ లేచింది. ఆ కేకకు కుసుమ ఒళ్ళో పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు.

సందేళకి దీనమ్మ ఒక్కతే కాలవ వంతెన దాటి పక్క ఊరికి పోయింది. ఊరి చివర హంపమ్మ వాళ్ళ వాడ, అక్కడివాళ్ళ మాటలో కేరి. అక్కడి గుడిసెలకూ క్యాంపు గుడిసెలకూ పెద్ద తేడా లేదు. హంపమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన కోడలు బసవమ్మ రొట్టె కొడుతోంది.

"ఏంది బిడ్డా, గింత దూరం వస్తివి?" అంది హంపమ్మ. కూర్చోమని చాప వేయించింది.

దీనమ్మకు క్షమించమని అడగడం చేతకాదు. జన్మలో అలవాటు లేని పని. అందుకని పోట్లాటకు దిగింది. "నీ మీద కోపంతో వచ్చానవ్వా. చూసి పలక్కుండా పోతావా? నాలుగు తిట్టరాదా? నీకు నోరు లేదా?"

"నేనేం తిడుదు? తప్పు నాదే. దేవుని బియ్యంల జొన్నలు పోస్తి. నాకు ఎరుక లేకపాయె. మీరందరు కూసోని ఏరబడితిరి. సిగ్గయితుంటే తిరిగి వస్తి."

"తప్పు నీదెట్లా అయిద్ది? గింజలు తెమ్మంది నేను. అవతల పొయ్యమంది నేను. సిగ్గుపడాల్సింది కూడా నేనే." అనేసరికి దీనమ్మకు మళ్ళీ దుఃఖం వచ్చింది. ముక్కు చీది, గొంతు సరిచేసుకుంది. "చూడవ్వా, మళ్ళీ అన్నీ కలిపేశాను. పొద్దున్నే మా ఆయన సింధనూరు పోయి పిండి పట్టించుకొస్తాడు. కామందు గారు బియ్యం బస్తా ఇస్తానంటే వద్దన్నాను. ఇక మాకు ఉన్నది ఆ పిండే. దాంతో రొట్టె కొట్టడం మా క్యాంపులో ఒక్కదానికీ రాదు. పండగ నాడు నువ్వు రాకపోతే మా పిల్లలు ఉత్త కూర తాగి పడుకోవాల్సిందే."

హంపమ్మ పొయ్యిలోకి ఇంకో పిడక తోసింది. వస్తాననలేదు, రాననలేదు. "పొద్దు గూకుతుంది. దారిల పురుగూ పుట్రా ఉంటయి. పో బిడ్డా, పైలం," అంది చివరికి.

మర్నాడు చెంచయ్య సైకిలు మీద మూట వేసుకుని సింధనూరు పిండి గిర్నీకి పోయాడు. గిర్నీవాడు మూట విప్పి చూసి, "గిదేందయ్యా, బియ్యంల జొన్నలా, జొన్నలల్ల బియ్యమా?" అని పకపకా నవ్వాడట. "మా దేవుడి గింజలు, నోరు మూసుకుని పట్టు," అన్నానని చెంచయ్య ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. అంత మాట ఆయన అని ఉండడని దీనమ్మకు తెలుసు. అయినా ఊరుకుంది. ఆమె మనసంతా వంతెన వైపే ఉంది. ఆ రోజంతా అటు నుంచి ఎవరూ రాలేదు.

క్రిస్మస్ తెల్లవారింది. పిల్లలు కొత్త బట్టలు వేసుకుని బురదలోకి పోకుండా తల్లులు కాపలా కాస్తున్నారు. పాక వెనక మాంసం కూర ఉడుకుతోంది. రెండు ఊళ్ళ అవతల బస్సు దిగి పాస్టరు అయ్యగారు కాలవ గట్టు వెంట నడిచి వచ్చేశారు. హంపమ్మ జాడ లేదు. సలోమమ్మ ధైర్యం చేసి పిండి కలిపి రొట్టె కొట్టబోయింది. మొదటిది చేతిలోనే విరిగింది. రెండోది పెనం మీద పడి ముక్కలైంది. మూడోది చూసి కుసుమ నవ్వు ఆపుకోలేకపోయింది. దీనమ్మకు నవ్వు రాలేదు. రొట్టెలు పాడైతే పాడయ్యాయి. ఆ మనిషి రాకపోతే తన కృతజ్ఞత అంతా ఉత్త నోటి మాటే అయిపోతుంది, పైగా ఒక మంచి మనిషిని జన్మంతా బాధపెట్టినట్టవుతుంది. గుడిలో మొదటి పాట మొదలైంది. దీనమ్మ లోపలికి పోలేక గుమ్మంలోనే నిలబడింది.

అప్పుడు గట్టు మీద కనబడ్డారు. ముందు హంపమ్మ, వెనక బసవమ్మ, ఆ వెనక కేరిలోని ఆడవాళ్ళు, నెత్తిన పెనాలు, చంకన పిడకల బుట్టలు. హంపమ్మ దీనమ్మ పెట్టిన చీర కట్టుకుంది.

"ఏంది, గిట్ల సూస్తవు? గిన్ని రొట్టెలు నేనొక్కదాన్నే కొడుదునా? అందుకే ఆలస్యమాయె. ఉడుకునీళ్ళు పెట్టున్రి," అంది వస్తూనే. దీనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, "పద, నీళ్ళు మరుగుతున్నాయి," అని మాత్రం అంది.

ఆ రోజు లోపల అయ్యగారి ప్రసంగం, బయట రొట్టెల చప్పుడు. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. బియ్యప్పిండి కలిసినందుకేమో రొట్టె తెల్లగా, మెత్తగా పొంగింది. ఆరాధన అయ్యాక మోదుగాకులు పరిచి అందరూ బంతిలో కూర్చున్నారు. హంపమ్మ "నేను వడ్డిస్త, మీరు తినున్రి," అని తప్పించుకోబోతే దీనమ్మ ఆమెను భుజాలు పట్టి తన పక్కనే కూర్చోబెట్టింది. కేరి ఆడవాళ్ళు కూడా బంతిలోనే కూర్చున్నారు. అయ్యగారికి పళ్ళు సరిగా లేవు. రొట్టె తుంచి కూరలో నానేసుకుని, ఒకదాని తర్వాత ఒకటి, మారు మాట్లాడకుండా లాగించారు.

ఆ సంఘంలో సాక్ష్యాలు బంతిలోనే చెబుతారు. ఆ ఏడు దేవుడు తమకు చేసిన మేలు ఎవరిది వాళ్ళు నలుగురికీ చెప్పాలి. అయ్యగారు దీనమ్మ వంక చూశారు. ఈ క్షణం కోసమే ఆమె నెల రోజులుగా మాటలు కూర్చుకుంది. లేచి నిలబడితే ఒక్కటీ గుర్తు రాలేదు. "మా కుసుమ బతికింది. పిల్లాడు బతికాడు. ఈ అవ్వ..." అని ఆగిపోయి, కూర్చుండిపోయింది. దీనమ్మకు మాట పడిపోవడం క్యాంపు చరిత్రలో అదే మొదటిసారి.

అందరూ హంపమ్మ వైపు తిరిగారు. ఆమె కంగారుపడింది. తనూ ఏదో చెప్పాలి కాబోలనుకుంది. రొట్టెల బుట్ట మీద చెయ్యి వేసి, కూర్చునే చెప్పింది.

"నాకేం చెప్పస్తది సామీ. ఈ సుట్టుపక్కల సగం మందిని నా చేతులతోని భూమి మీదికి తెస్తి. ఎవరింటికి పోయినా గడప అవతలనే కొంగు సాపి నిలబడితి. వాళ్ళు గింజలు పోస్తుండిరి, తెచ్చుకుంటుంటి. ఇంత వయసొచ్చె, నేను ఒకరికి పోసింది లేకపాయె. నా తాన అడిగినోళ్ళు లేకపాయె." చుట్టూ ఆకుల ముందు కూర్చున్నవాళ్ళను ఒకసారి చూసింది. "ఈ దీనమ్మ అడిగె. నువ్వు కూడ పొయ్యవ్వా అనె. గా మాటకు నాకు నిద్ర పట్టకపాయె. ఈ పొద్దు నా గింజలు ఇందరి కడుపుల పడ్డయి. సాలు సామీ. మీ దేవునికి వెయ్యి దండాలు."

చెంచయ్య పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. కోడిదాణా అన్న సలోమమ్మ తలెత్తలేకపోయింది. దీనమ్మ కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఈ నెల్లాళ్ళూ తనేదో ఈ ముసలామెకు ఇచ్చి రుణం తీర్చుకోవాలని తాపత్రయపడింది. ఆమెకు కావలసింది ఇచ్చే అవకాశమని తనకు తెలియనే లేదు. తనకు తెలియకుండానే దేవుడు తన నోట ఆ ఒక్క మాట అనిపించాడు. దానికి ఆయనకు ఎన్ని వందనాలు చెప్పినా చాలవనిపించింది.

హంపమ్మ అటూ ఇటూ చూసి గాబరాపడింది. "ఏందమ్మా, అందరు ఏడ్వబడితిరి? రొట్టెలు గట్టిగైనయా ఏంది?"

"లేదవ్వా. నాకింకోటి పెట్టు," అని దీనమ్మ తన ఆకు ఆమె ముందుకు జరిపింది.